రక్తం మాది, తాళం ఎవరిది?

ఉద్దానంలో రక్తం ఇవ్వడం మాకు కొత్త కాదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఏ మండలం తీసుకున్నా ఏళ్ల తరబడి ఎవరో ఒకరు బండి దిగుతూనే ఉన్నారు. రక్తం తీశారు. మూత్రం పట్టారు. బావినీళ్లు సీసాల్లో నింపుకుపోయారు. తోటల్లో మట్టి తవ్వుకుపోయారు. మేం కాదనలేదు. కిడ్నీలు పోయి, వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్ మంచమెక్కి, చివరికి అదీ చాలక పోయినవాళ్ల పాడెలు మోసిన భుజాలు మావి. కారణం తెలిస్తే చాలు, ఇంకో సీసా తీసుకోండి అన్నాం.

కొన్నేళ్ల కిందట నందిగాం మండలంలో మా పేటకీ ఒక బృందం వచ్చింది. పేరు రాయం, పేరుతో పని లేదు. బడి వరండా ఇమ్మంటే ఇచ్చాం. బెంచీలు వేశాం. జనాన్ని వరసలో కూచోబెట్టాం. చదువురాని వాళ్లకి వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో మేమే చూపించాం. జీడితోటల్లో కూలికెళ్లే ఒక ముసలాయన జబ్బ చాచి రక్తం ఇచ్చి, అంకె రాసిన చిన్న చీటీ పట్టుకుని ఇంటికెళ్లాడు. నెల అయింది, ఏడాది అయింది. కనబడ్డప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "మాస్టారూ, నా రగతం ఏటి సెప్పిందో ఎవులూ సెప్పనేదు."

ఫోన్ చేశాం. అవతల ఒక కుర్రాడు, మర్యాదస్తుడే.

"రిపోర్టులన్నీ ఆన్‌లైన్లో ఎక్కించేశాం సార్. అది ప్రాజెక్టు మెంబర్లకే తెరుచుకుంటుంది. మీకు యాక్సెస్ ఉండదు."

"మాకొద్దు బాబూ. ఆ పెద్దాయనకివ్వండి. రక్తం ఆయనది గదా."

"ఆయన పార్టిసిపెంట్ సార్. మెంబరు కాదు."

ఆ ఒక్క ముక్కే మా చేత ఇది రాయిస్తోంది.

పార్టిసిపెంట్ అంటే పాలుపంచుకున్నవాడట. బాగుంది. మేం తరతరాలుగా పాలుపంచుకుంటూనే ఉన్నాం. చెరువు తవ్వడంలో పాలుపంచుకున్నాం, రేవులో కాలు పెట్టనివ్వలేదు. గుడికి రాళ్లు మోయడంలో పాలుపంచుకున్నాం, గడప తొక్కనివ్వలేదు. పొలాలు కొలిచేటప్పుడు గొలుసు పట్టింది మా తాతలే. ఆ లెక్క రాసిన అడంగల్ మాత్రం కరణం గారి పెట్టెలో ఉండేది. అందులో మన పేరు ఏ గడిలో ఉందో, అసలుందో లేదో, ఆయన చెబితేనే మనకి తెలిసేది. 1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. పెట్టె పోయిందనుకున్నాం. పోలేదు. మన రోగానికి రాసిన అడంగల్ ఇప్పుడు సర్వర్లో ఉంది, అంతే.

పరిశోధన వద్దనేవాళ్లం కాదు మేం. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న అడిగితే చాలు "వీళ్లు సైన్సుకి అడ్డం" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం ఉద్దానంలో 2,210 మందిని పరీక్షించి, నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు, పాత బీపీ లాంటి మామూలు కారణాలేవీ కనబడలేదు. 2020లో ఇంకో అధ్యయనం 67 గ్రామాల్లో 2,402 మందిని చూసి నూటికి 21 అంది. ఈ అంకెలు లేకపోతే మన గోడు ఎవరు వినేవాళ్లు? ఈ అంకెలే మనకి ఆయుధం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయంటే అందులో రక్తం ఇచ్చిన ప్రతి జబ్బకీ వాటా ఉంది. ఇంకో మంచి మాట కూడా చెప్పాలి. ఆ రెండు వ్యాసాలూ పైసా కట్టకుండా ఎవరైనా చదువుకోదగ్గ పత్రికలోనే వచ్చాయి. ఇంగ్లీషులో వచ్చాయి, అది వేరే సంగతి.

కాని వ్యాసం వేరు, దాని వెనకున్న నిలవ వేరు. వ్యాసంలో మనం నూటికి ఇంతమంది. నిలవలో మనం పేరు, ఊరు, వయసు, కులం, తాగే నీళ్లు, వాడే నొప్పి మాత్రలు, రక్తంలో క్రియాటినిన్. ఈ నిలవకి తాళం ఎలా వేస్తారో తెలుసుకోవడం అంత కష్టం కాదు.

ఇలాంటి పరిశోధన ఒక్క డాక్టరు చేసేది కాదు. ఒకచోట వైద్య కళాశాల, ఒకచోట ల్యాబు, ఇంకో రాష్ట్రంలో లెక్కలు కట్టేవాళ్లు, ఒక్కోసారి సముద్రం అవతల విశ్వవిద్యాలయం. అందరూ కలిసి వాడుకునే నిలవ ఒకటి ఉంటుంది. తలుపు దగ్గర రెండు ప్రశ్నలు. మొదటిది, నువ్వెవరు? దీనికి నీ సంస్థ పూచీ పడుతుంది, "ఈయన మా మనిషే" అని. రెండోది, నువ్వు ఏం చూడొచ్చు? దీనికి జవాబు పరిశోధన బృందానిది. రేషన్ కార్డు ఇచ్చే ఆఫీసు వేరు, బియ్యం తూచే డిపో వేరు గదా, అలాగన్నమాట. మన దేశంలో కాలేజీలకీ యూనివర్సిటీలకీ ఈ పూచీ వ్యవహారం నడిపే ఏర్పాటు ఒకటుంది. పేరు ఇన్‌ఫెడ్. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం దాన్ని చూస్తుంది. దాని వల్ల కాలేజీ ఐడీ ఉన్నవాడు ఇంట్లో కూచునే పత్రికలు చదువుకోవచ్చు. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం, ఒకే చందా' అని ఇంకో పథకం నడుస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. ఎవరికి? ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ కేంద్ర పరిశోధన సంస్థలకీ. మండల పరిషత్ బడిలో పంతులికి లేదు. ఆశా కార్యకర్తకి లేదు. రోగికి అసలే లేదు. డబ్బు మాత్రం అగ్గిపెట్టె కొన్నవాడి దగ్గర కూడా వసూలు చేసిందే.

అంటే, పూచీ పడే సంస్థ లేనివాడు తలుపు దగ్గరికే రాలేడు. రెండో ప్రశ్న దాకా వెళ్లే పనే లేదు. "నువ్వెవరి తాలూకు?" అని మన వాళ్లని ఊరు ఎప్పుడూ అడిగే ప్రశ్నే ఇది. ఏ దొర తాలూకు, ఏ రైతు తాలూకు. తనకు తాను ఎవడూ కాడు.

సరిగ్గా నడిపితే ఈ తాళం మంచిదే. మనిషికో తాళంచెవి, ఎవడి పనికి ఎంత కావాలో అంతే తెరుచుకోవాలి. లెక్కలు కట్టేవాడికి అంకెలు చాలు, పేర్లెందుకు? ప్రతి చెవికీ గడువు తేదీ ఉండాలి. ఎవరు ఎప్పుడు ఏ గది తెరిచారో చిట్టాలో పడాలి. పని మానేసిన వాడి చెవి ఆ రోజే చెల్లకుండా పోవాలి. పెద్ద పరిశోధనల్లో ఇదంతా చూడ్డానికే మనుషుల్ని పెట్టుకుంటారు. మా వరండాలో మేం చూసిందేమిటి? ట్యాబు వెనక తెల్ల ప్లాస్టరు అంటించి దానిమీద పెన్నుతో పాస్‌వర్డు. బృందం మొత్తానికీ అదొక్కటే. తరవాత ఏడాదికి, కాంట్రాక్టు అయిపోయి వేరే కొలువులో చేరిన కుర్రాడొకడు టీ కొట్టు దగ్గర ఫోన్ తీసి, మా పేట జాబితా ఇంకా తెరుచుకుంటోందని నవ్వుతూ చూపించాడు. రక్తం ఇచ్చిన ముసలాయనకి తెరవని తలుపు, పని మానేసిన వాడికి బార్లా తెరిచే ఉంది.

అతన్ని తిట్టి ఊరుకుంటే మాకు హాయిగా ఉండేది. కాని మేమూ తక్కువ తినలేదు.

కిడ్నీ రోగుల పింఛను కోసం మా సంఘం ఒక జాబితా తయారు చేసింది. పేరు, తండ్రి పేరు, ఆధార్ అంకె, క్రియాటినిన్ ఎంత. బేగి పని అవ్వాలని దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం. ఆ గ్రూపులో ఎవరెవరున్నారు? మొదట్లో పదిహేను మంది సంఘం మనుషులు. తరవాత ఒకరు బావమరిదిని చేర్చారు, ఇంకొకరు పార్టీ వాళ్లని చేర్చారు, చందాలిచ్చే వ్యాపారి వచ్చాడు, ఫోన్లు మారినవాళ్ల పాత నంబర్లు అలాగే ఉండిపోయాయి. తీసెయ్యడం ఎవరి పనీ కాదు. నెల తిరక్కుండా ఒక ఆడపిల్లకి కుదిరిన సంబంధం చెడిపోయింది. "తండ్రికుంది, రేపు పిల్లకీ రాదా?" అన్నారట మగపిల్లవాడి వాళ్లు. వాళ్లకెలా తెలిసిందని ఆరా తీస్తే మన ఫొటోయే. మా చేతి రాతే. ఆ తల్లి మా గుమ్మం ముందుకొచ్చి తిట్టలేదు. "మీరు మనోలే గదా మాస్టారూ" అంది. తిట్టినా బాగుండేది.

అందుకే, "అంతా తెరిచి జనం ముందు పెట్టాలి, దాపరికం దేనికి" అని మీటింగుల్లో చప్పట్లు కొట్టించుకునే మిత్రులతో మేం ఏకీభవించం. జనం అంటే ఎవరు? అప్పు ఇచ్చే షావుకారూ జనమే. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే పనిలో పెట్టుకోని మేస్త్రీ, జీడి కార్ఖానా గుమస్తా జనమే. రోగానికి కులం లేదంటారు. నిజమే, కిడ్నీకి కులం లేదు. టెక్కలికో పలాసకో సోంపేటకో డయాలసిస్‌కి వెళ్లే ఆటో కిరాయికి మాత్రం కులం ఉంది. మన పేర్లు బయట పడితే ఎక్కువ నష్టపోయేది మాల, మాదిగ, రెల్లి, పైడి పేటల వాళ్లూ, గంగపుత్రులూ. తాళం ఉండాలి. మా పేచీ తాళంతో కాదు. తాళంచెవులు ఎవరికివ్వాలో తేల్చే గదిలో మనకి చోటు లేకపోవడంతో.

కాగితం మీద మనకి హక్కు లేదా అంటే, ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో అచ్చువేసిన నైతిక మార్గదర్శకాలు దాచిపెట్టిన నమూనాల గురించి చెబుతూ, వాటికీ వాటి సమాచారానికీ యజమాని ఇచ్చిన మనిషేననీ, దాచే సంస్థ ధర్మకర్త మాత్రమేననీ అన్నాయి. ఇచ్చింది వెనక్కి అడిగే వీలు కూడా ఒప్పుకున్నాయి. యజమాని! మా ముసలాయనకి ఈ మాట చదివి వినిపిస్తే గట్టిగా నవ్వాడు. ఇక 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చూద్దామంటే, పరిశోధన కోసం వాడే సమాచారానికి అది షరతుల మీద మినహాయింపు ఇచ్చేసింది.

ఇది మనకి తెలిసిన కథే. బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులూ బావులూ అంటరానివాళ్లకి తెరవాలని 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ తన చౌదార్ చెరువు తెరిచామని 1924లో రాసుకుంది. కాని ఒక్కడు దిగి నీళ్లు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం ఉత్త కాగితమే. తాగినందుకు మనవాళ్ల తలలు పగిలాయి, అది వేరే. వందేళ్లు కావస్తోంది. 2017 కాగితం దగ్గరికి నడిచివెళ్లిన వాళ్లెవరూ ఇంకా కనబడలేదు మాకు.

నడిచిన వాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు. అమెరికాలో అరిజోనా దగ్గర పెద్ద లోయలో హవసుపాయి అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. 1990లో మొదలుపెట్టి, షుగరు జబ్బు పరిశోధన అని చెప్పి అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ల రక్తం తీసుకుంది. తరవాత అదే రక్తాన్ని మనోరోగాల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నుంచి వచ్చారన్న దానిమీద వాడుకున్నారు. 2003లో కార్లెటా టిలౌసి అనే ఆ తెగ ఆడపడుచు ఒక పీహెచ్‌డీ సభకి వెళ్లి, దీనికి మా అనుమతి తీసుకున్నారా అని లేచి అడిగింది. ఒక్క ప్రశ్న. ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచి, 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు కట్టి, మిగిలిన రక్తం వాళ్ల చేతికి తిరిగిచ్చింది.

మనకి ఇంకా దగ్గరి చుట్టం నికరాగువా. అక్కడ చిచిగల్పా ప్రాంతంలో చెరకు కోసే కూలీలకి అచ్చం మన రోగమే. షుగరు లేదు, బీపీ లేదు, వయసులో ఉన్నవాళ్ల కిడ్నీలు పోతాయి. మిల్లుకి ప్రపంచ బ్యాంకు గ్రూపు అప్పు ఇచ్చింది గనక, రోగులూ వాళ్ల కుటుంబాలూ 2008లో ఆ బ్యాంకు ఫిర్యాదుల అధికారి దగ్గరికి వెళ్లారు. అసోచివిదా అని సంఘం పెట్టుకున్నారు. ఫలితం? మిల్లు వాళ్లూ రోగుల సంఘమూ ఒకే బల్ల దగ్గర కూచుని, ఎవరి చేత పరిశోధన చేయించాలో కలిసి తేల్చారు. బోస్టన్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నారు. అక్కడ కూలీ ఉత్త పార్టిసిపెంట్ కాదు, బల్ల దగ్గర మెంబరు. వాళ్ల రోగం నయమైపోయిందని మేం అనడం లేదు. కుర్చీ సంగతి మాత్రమే చెబుతున్నాం.

మరి మన దగ్గర కుర్చీ వేస్తే అందులో ఎవరు కూచుంటారు? "గ్రామ ప్రతినిధి" అని కాగితంలో ఉంటుంది. ఆ ప్రతినిధి ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. బండి దిగినవాళ్లు ముందు వెళ్లేది పెద్దింటికే. ఆ ఇంటి అరుగు మీదే "కమ్యూనిటీ ఒప్పుకుంది" అని రాసేసుకుంటారు. ఆ అరుగు మనం ఎక్కిందెప్పుడు?

ఆ అరుగు లేని చోట మేం, బడిపంతుళ్లం, వార్డెన్లం ఉంటాం. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన సంగతి మరిచిపోకూడదు. పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధన మండలి కలిసి నడిపిన ప్రాజెక్టు అది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లదే. తల్లీ తండ్రీ బతికుండగా! ఆ వార్డెన్లలో మన కులాల వాళ్లు, రిజర్వేషన్ మీద కొలువు తెచ్చుకున్న మొదటి తరం వాళ్లు లేరంటారా? వాళ్లని అనడానికి మాకు నోరు రాదు. మా వరండాలో వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించింది ఎవరు? ఆ కాగితంలో ఏముందో మేం మొత్తం చదివామా? లేదు. ఎండ ఎక్కుతోంది, బేగి అవ్వాలి, అంతే చూశాం.

అందుకని ఇకమీదట మేం వరండా ఇచ్చే ముందు కొన్ని అడగదలుచుకున్నాం. మీరూ అడగండి. తెలుగులో, నోటితో కాదు, రాసి. ఈ సమాచారానికి తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయి, ఏ సంస్థల వాళ్లు, ఏ తేదీ దాకా? ఆ పట్టిక పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించండి. రోగుల పేర్లు కాదు, చెవులున్న వాళ్ల పేర్లు. ఆర్నెల్లకోసారి పాత పేర్లు కొట్టేసి కొత్త పట్టిక పెట్టండి. కొత్త సంస్థ ఏదైనా చేరుతుంటే ఒప్పుకోవాలా వద్దా తేల్చే సంఘంలో పేటలనుంచి ఇద్దరుండాలి, అందులో ఒకరు డయాలసిస్ మీదున్న మనిషి, ఒకరు ఆడమనిషి. వాళ్లకి పూచీ పడే కాలేజీ ఏదంటారా? పలాసలో మన పేరు చెప్పి కట్టిన పరిశోధన కేంద్రం పూచీ పడాలి. అది వాళ్లకి కష్టం కాదు, బయటి దేశపు విద్యార్థికి వారంలో చేసే పని అది. ఇంక మనిషికి తన రిపోర్టు తన చేతికి రావాలి, కాగితం మీద, అర్థం చెప్పే ఏఎన్ఎం సమక్షంలో. ఈ ఒక్కటీ ఒప్పుకోని బృందానికి మా బడిలో బెంచీ లేదు.

"ఇలా షరతులు పెడితే ఎవరూ రారు, నష్టం మనకే" అని సంఘంలోనే ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. రోగానికి కారణం ఈ రోజుకీ తేలలేదు. సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో చాకిరీ అంటారు, నొప్పి మాత్రలంటారు, వంశంలో ఉందంటారు. పరిశోధన ఆగితే ముందు చచ్చేది మనమే. అయినా మేం అడుగుతున్నది చేయడానికి కోట్లు అక్కర్లేదు. ఒక పట్టిక, ఇద్దరు మనుషులు, ఒక కాగితం. ఇంతమాత్రానికే తిరిగి వెళ్లిపోయే బృందం, మన రక్తంతో ఏం చేస్తుందో అప్పుడే అనుమానించాల్సింది.

ముందు మా ఇల్లు మేం సర్దుకున్నాం. ఆ వాట్సాప్ గ్రూపు మూసేశాం. పింఛను జాబితా ఇప్పుడు సంఘం పుస్తకంలో ఒకే ఒక్క ప్రతి ఉంది. దాన్ని చూసినవాళ్లు వెనక పేజీలో తేదీ వేసి సంతకం పెట్టాలి. మొదటి నెలలో ఆ పేజీ మీద పెద్ద గొడవ అయింది, మమ్మల్ని నమ్మరా అని. ఇప్పుడు అలవాటైంది. ఆ పిల్లకి పెళ్లి ఇంకా కుదరలేదు.

ముసలాయన చీటీ ఆయన దగ్గరే ఉంది. మందుల ఫైల్లో, ప్లాస్టిక్ సంచిలో, చూరు కింద. అంకె సగం చెరిగిపోయింది, మిగిలింది పట్టుకుని బృందానికీ, వాళ్ల నైతిక సంఘానికీ తెలుగులో ఉత్తరం రాశాం, రిజిస్టర్డ్ పోస్టులో. మీ ఇళ్లలో కూడా అలాంటి చీటీలుంటే పారెయ్యకండి. అంకె, తేదీ, ఊరు రాసి మీ మండలం సంఘం కార్యకర్తకి ఇవ్వండి. పేరు రాయొద్దు. మా ఉత్తరానికి జవాబు వస్తే వచ్చే సంచికలో వేస్తాం, రాకపోతే రాలేదని వేస్తాం.